వృత్తి నేర్పు గురువునకు స్థానమేది?

కుమారుడు ఉపాధ్యాయుడైనాడని చెప్పు తండ్రి తల యెత్తి చెప్పును. వృత్తిశిక్షకుడైనాడని చెప్పవలసి వచ్చినచో గొంతు తగ్గించును. మన విద్యావిధానమునకు పట్టిన వ్యాధి యీ గొంతులోనే తెలియుచున్నది.

ఈ వ్యాధికి మందు వెదకినవారు తెలుగుదేశమున లేకపోలేదు. 1907లో బిపినచంద్రపాలుని యుపన్యాసములచే రగిలిన వేడి చల్లారకముందే, కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్లు పూనుకొనగా 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాల వెలసెను. అచ్చట సాహిత్యముతోబాటు వడ్రంగము, నేత, చిత్రలేఖనము నేర్పిరి. న్యాయశాస్త్రము చదివిన హనుమంతరావుగారు కోర్టులలో ధనమార్జింపక, 1922లో దివంగతులగువరకు ఆ సంస్థనే తమ యుద్యోగముగా నెంచిరి. పుస్తకము పట్టిన చేతికి ఉలి పట్టుట అవమానము కాదని వారు మాటలతో గాక జీవితముతో నిరూపించిరి.

అయితే ఒక సంగతి. అట్టి త్యాగమూర్తుల పేరు చెప్పి నేటి శిక్షకునకు జీతము తగ్గించుట మాత్రము న్యాయము కాదు. ఒకరు స్వేచ్ఛగా చేసిన త్యాగమును మరియొకరిపై నిర్బంధముగా రుద్దుట త్యాగమా? పొదుపా?

2020 జాతీయ విద్యావిధానము 6వ తరగతి మొదలు 8వ తరగతి వరకు గల పిల్లలు పుస్తకముల సంచి లేకుండ పది దినములు వడ్రంగి, కుమ్మరి, తోటమాలి మున్నగువారి యొద్ద పని నేర్వవలెనని చెప్పినది. 2025 నాటికి విద్యార్థులలో సగముమందికైనను వృత్తివిద్యతో పరిచయము కలుగవలెననియు సంకల్పించినది. సంకల్పము మంచిదే. కాని నేర్పువాడెవడు? అనేక రాష్ట్రముల పాఠశాలలలో వృత్తిశిక్షకుడు ప్రభుత్వోద్యోగి కాడు. గుత్తసంస్థల ద్వారా, ఒప్పందముపై వచ్చినవాడు. ప్రక్క గదిలో గణితము చెప్పువాడు పింఛను లెక్కించుకొనుచుండ, ఇతడు వచ్చు సంవత్సరము తానుందునో లేదో లెక్కించుకొనుచుండును. అట్టివాని మాటకు పిల్లవాడు విలువ నిచ్చుట యెట్లు?

నేర్చిన పిల్లవానిని పనిచోటికి చేర్చుట మరియొక పని. 1961 నాటి అప్రెంటిసుల చట్టము క్రింద, ముప్పది మందికి తక్కువ గాని పనివారున్న సంస్థ తన సిబ్బందిలో నూటికి రెండున్నర మొదలు పదునైదు వరకు అప్రెంటిసులను తీసికొనవలెను. ఈ నిబంధన యెన్ని పాఠశాలల ప్రధానోపాధ్యాయులకు తెలియును? ఏ కర్మాగారమున ఏ పని కలదో కనుగొని, యజమానితో మాటలాడి, పాఠశాలకు వచ్చి తల్లిదండ్రులకు నచ్చచెప్పి, చేరిన బాలుడు మూడవ నెలలో మానివేయకుండ చూచువాడు ఒకడు వలయును. అది ఒకరి యదనపు పని కారాదు. ఒక పూర్తి జీవితవృత్తి. నెలకొకమారు ఉద్యోగమేళా పెట్టి, పందిరి విప్పి పోవుటతో నెరవేరునది కాదు.

తెలుగు రాష్ట్రములు రెండును నైపుణ్యము పేర సంస్థలను స్థాపించుకొన్నవి. తెలంగాణ 2024లో విశ్వవిద్యాలయమునే నెలకొల్పినది. భవనములకు, బోర్డులకు కొరత లేదు. ప్రతి మండలమునకు ఇట్టి అధికారి నొకని స్థిరమైన జీతముతో, పదోన్నతి మార్గముతో నియమించుటకు వచ్చు బడ్జెటులో ఒక పద్దు వ్రాయవలెనని శాసనసభ్యులను కోరుచున్నాము.