ఒక ఊరు - నాలుగు రీళ్ళు

సినిమా ప్రియులకు ఫ్రెంచివాళ్ళని కొత్తగా పరిచయం చెయ్యక్కర్లేదు. 1964లో వచ్చిన ‘బొబ్బిలి యుద్ధం’ చూసినవాళ్ళకి బుస్సీ దొర జ్ఞాపకమే కదా! ముక్కామల ఆ వేషంలో తెర మీదికి వస్తే నేల క్లాసువాళ్ళు పళ్ళు కొరికేవారు. 1757లో బొబ్బిలి కోట మీదికి ఫిరంగులు తెచ్చిన ఆ దొర, అంతకు ఆరేళ్ళ ముందు పాండిచ్చేరి నుంచి సైన్యంతో దక్కనుకి వచ్చినవాడు. మరి ఆ దొరల సొంత కోట ఏమైంది? బొబ్బిలి కూలిన నాలుగేళ్ళకే, 1761లో, ఇంగ్లీషువాళ్ళు పాండిచ్చేరిని ముట్టడించి పట్టుకుని, కోటనీ ఊరి గోడల్నీ నేలమట్టం చేశారు. పాపం పండిందంటారా? అనండి, నేనేం కాదనను!

ఆ గోడ లేని కోట ఊరికి నేను నాలుగు రుతువుల్లో నాలుగుసార్లు వెళ్ళొచ్చాను. మా పాలకీడు నుంచి పెద్ద కష్టమేం కాదు. బస్సులో మిర్యాలగూడ చేరి రైలెక్కితే తెల్లారేసరికి చెన్నై. అక్కణ్ణించి సముద్రం పక్కన బస్సులో మూడు నాలుగు గంటలు. “ఒకే ఊరికి నాలుగుసార్లెందుకురా, డబ్బులెక్కువయ్యాయా?” అంది మా అక్క. ఒక్కసారి చూస్తే ట్రైలరే చూసినట్టు అక్కా, అన్నాను. నాలుగు రీళ్ళూ చూస్తేగానీ కథ తెలియదు.

మొదటి రీలు జనవరి. మా పక్క జాన్‌పహాడ్ దర్గాకి ఉర్సు జనం బళ్ళు కట్టుకుని వచ్చే రోజులు. అక్కడేమో పొంగల్ సంబరం, చల్లటి గాలి, సందు సందునా కెమెరాలు. పసుపు గోడలు, తెల్ల అంచులు, గోడల మీదుగా వేలాడే కాగితం పూలు, ‘ర్యూ’ అని మొదలయ్యే వీధుల పేర్లు, ఎర్ర టోపీ పోలీసులు... ‘లైఫ్ ఆఫ్ పై’ (2012) తీసిన ఆంగ్ లీ ఇక్కడికెందుకొచ్చాడో వేరే చెప్పక్కర్లేదు. సాయంత్రమైతే సముద్రపు రోడ్డు మీద బళ్ళు ఆపేస్తారు. ఊరంతా అక్కడే షికారు. ఈ రీలు అందరూ చూస్తారు, చూసి ఇంటికొచ్చేస్తారు. అక్కడే వస్తుంది చిక్కు!

రెండో రీలు మే నెల. మా పాలకీడు ఎండ నిప్పుల కొలిమి అయితే, పాండిచ్చేరి ఎండ ఉడకబెట్టిన తువ్వాలు. చొక్కా వొంటికి అతుక్కుపోతుంది. జనం పలచబడతారు గనక ఊరి ఆకారం కనబడేది అప్పుడే. మ్యాపులో చూడండి, పాత ఊరు కోడిగుడ్డులా ఉంటుంది. ఆ గుడ్డు చుట్టూ ఉన్న బులవార్ రోడ్లే ఒకప్పటి గోడ జాడ. గోడ పోయింది, గోడ ఆకారం మిగిలింది. లోపల మాత్రం ఇంకో గోడ ఉంది. అది రాతిది కాదు, కాలువ. సముద్రం వైపు తెల్లవాళ్ళ ఊరు, ఇటువైపు తమిళుల ఊరు. వేసవిలో ఆ కాలువ పక్కన నడిస్తే ముక్కు మూసుకోవాలి.

కాలువ దాటి మనవైపు వస్తే అరుగుల ఇళ్ళు, చెక్క స్తంభాలు, నడవాలు. మన పెద్దమ్మ గారి ఊరికి వచ్చినట్టుంటుంది. రంగపిళ్ళై వీధిలో ఆనందరంగ పిళ్ళై గారి మేడ ఉంది. డూప్లే దొరకి దుబాసీ ఆయన. 1736 నుంచీ రాసుకున్న ఆయన డైరీ లేకపోతే ఆ కాలం కథ సగం తెలిసేది కాదు. అన్నట్టు, మన కస్తూరి రంగకవి ‘ఆనందరంగరాట్ఛందము’ అనే తెలుగు ఛందోగ్రంథం అంకితమిచ్చింది ఈయనకే! మేడ కింది అంతస్తు మన పద్ధతి, పై అంతస్తు ఫ్రెంచి పద్ధతి. ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి చిక్కడానికి కొద్ది రోజుల ముందే పిళ్ళై గారు కన్నుమూశారు.

మూడో రీలు జూలై. మా దగ్గర తొలకరి చినుకులు, నార్లు. అక్కడ జూలై 14, ఫ్రాన్సు పండగ. ముందు రోజు రాత్రి దీపాలు పట్టుకుని ఊరేగింపు. మర్నాడు ఛాతీ మీద పతకాలు పెట్టుకున్న తమిళ తాతలు యుద్ధ స్మారకం దగ్గర నిలబడి ఫ్రెంచి పాట పాడతారు. ఇదేం చోద్యం అనుకుంటున్నారా? 1954 నవంబరు 1న ఊరు మన చేతికొచ్చింది, 1962 ఆగస్టు 16న ఒప్పందం అమలైంది. అప్పుడు ఫ్రెంచి పౌరులుగా ఉండిపోదలచినవాళ్ళకి ఆరు నెలల గడువిచ్చారు. కొన్ని వేలమంది అలాగే ఉండిపోయారు. వాళ్ళ మనవలు ఇంట్లో తమిళం, బళ్ళో ఫ్రెంచి. మనవాళ్ళూ ఉన్నారండోయ్! గోదావరి ఒడ్డున యానాం కూడా ఆ ప్రభుత్వంలోదే. నేను దిగిన లాడ్జిలో గుమాస్తా యానాం మనిషి. “బాగున్నారాండీ, కాఫీ తాగుతారాండీ” అంటుంటే కాకినాడలో ఉన్నానా పాండిచ్చేరిలో ఉన్నానా అని తికమకపడ్డాను.

ఇక నాలుగో రీలు నవంబరు. మన వానలు ఆగిపోయి, వరి కోతకొచ్చే వేళకి అక్కడ అసలు వాన మొదలవుతుంది. అది మామూలు వానా? 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను వచ్చినప్పుడు ఒక్క రోజులో 40 సెంటీమీటర్లు దాటింది. ఆ వానలోనే కథకి ముడి విడుతుంది. సముద్రపు రోడ్డు మీద ‘మేరీ’ అని ఉంది, అంటే పురపాలక భవనం. 1870ల నాటిది. 2014 నవంబరు వానలకి కుప్పకూలింది! పాత రూపంలోనే మళ్ళీ కట్టి 2021లో తెరిచారు. అది పెద్ద భవనం, పైగా అందరి కళ్ళూ దాని మీదే, కాబట్టి లేచింది. కాలువకి ఇటుపక్క చిన్న అరుగుల ఇల్లు కూలితే ఎవరు లేపుతారు?

వానకి గొడుగు పట్టుకుని అలాంటి ఇంటి ముందు నిలబడితే, తెలుగొచ్చిన ముసలి మేస్త్రి ఒకాయన అసలు రహస్యం చెప్పాడు. “తమ్ముడూ, ఇది డంగు సున్నం గోడ. కరక్కాయ, బెల్లం నీళ్ళు కలిపి నూరింది. తడి పీల్చుకుంటది, ఎండకి వదిలేస్తది. దాని మీద సిమెంటు పూశారనుకో, తడి లోపలే ఉండిపోతది. గోడ లోపల్నుంచి కుళ్ళుతది. పైన కర్ర దూలం కూడా పుచ్చుతది. పైకి మాత్రం కొత్త ఇల్లులాగే కనబడతది!”

నాకు చురుక్కుమంది. మా పాలకీడు చుట్టూ సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు. సిమెంటు అంటే గట్టిదనమే అని చిన్నప్పట్నుంచీ విన్నాం. ఒక గోడకి బలమైంది ఇంకో గోడకి విషమట! జనవరిలో వెళ్ళినవాళ్ళకి కొత్త రంగేసిన గోడే కనబడుతుంది. ఆ గోడ బతికేదో చచ్చేదో చెప్పేది నవంబరు.

అయినా ఆశ లేకపోలేదు. తమిళుల వైపు వైశ్యాళ్ వీధిలో ఇళ్ళని పాత పద్ధతిలోనే బాగుచేశారు. ఆ పనికి 2008లో యునెస్కో బహుమతి కూడా వచ్చింది. అంటే చెయ్యాలనుకుంటే చెయ్యొచ్చన్నమాట.

చెప్పొచ్చేదేమిటంటే తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ... ఈసారి తెర మీద హీరో హీరోయిన్లు పసుపు గోడ పక్కన డ్యూయెట్ పాడుతుంటే, ఈల వెయ్యండి, వద్దనను. ఒక్క క్షణం వాళ్ళ వెనకాల గోడకేసి కూడా చూడండి. అది ఫిరంగులకి పడిన గోడ కాదు, వాటి తర్వాత లేచిన గోడ. దాన్ని పడగొట్టడానికి బుస్సీలూ, ఇంగ్లీషు జనరళ్ళూ అక్కర్లేదు. ఒక కార్తీకం వాన, రెండు బస్తాల సిమెంటు చాలు.

పాండిచ్చేరి వెళ్ళాలనుకుంటే జనవరిలో హాయిగా వెళ్ళిరండి. కానీ కాలువకి ఇటుపక్క ఒక పూట గడపండి. వీలైతే వానల్లో ఇంకోసారి వెళ్ళండి. గొడుగు మాత్రం మరిచిపోకండేం!