గజం నేలకు చాలని ఏడాది జీతం

2025 అక్టోబరులో హైదరాబాద్ రాయదుర్గంలో తెలంగాణ పారిశ్రామిక మౌలిక సదుపాయాల సంస్థ (టీజీఐఐసీ) వేలం వేసిన 7.67 ఎకరాలు ఎకరా 177 కోట్ల రూపాయలకు పోయాయి. రికార్డు ధర అని అందరూ చెప్పుకున్నారు. ఎకరాకు 4,840 గజాలు. లెక్క కడితే గజం 3 లక్షల 65 వేల పైచిలుకు. ఆ భూమికి కూతవేటు దూరంలోని ఐటీ భవనాల్లో కొత్తగా చేరే ఇంజినీరుకు పెద్ద కంపెనీలు ఇస్తున్న ఏడాది ప్యాకేజీ మూడున్నర లక్షలకు అటూ ఇటూ. ఏడాదంతా పైసా ఖర్చుపెట్టకుండా దాచినా అక్కడ గజం నేల రాదు. ఆ పిల్లలు స్థలం కొంటామని అడగడం లేదు. పనిచేసే చోటికి దగ్గరలో మంచం వేసుకునేంత జాగా అడుగుతున్నారు. అది కూడా జీతానికి అందకుండా పోతోంది. దీన్ని కుర్రాళ్ల సర్దుబాటు వ్యవహారమని వదిలేయడం ఇక కుదరదు. భూమిని అమ్మేదీ, కేటాయించేదీ ప్రభుత్వమే. ఆ భూమిలో పనిచేయబోయే వాళ్ల బస బాధ్యత కూడా ప్రభుత్వానిదీ, భూమి పొందిన కంపెనీలదీ కావాలి.

మూడున్నర లక్షలంటే నెలకు 29 వేలని ఊళ్లో అమ్మానాన్నలు మురిసిపోతారు. చేతికొచ్చేది అది కాదు. ఆఫర్ లెటర్ చివర ఉండే జీతం పట్టికను ఓపిగ్గా చదివితే సంగతి తెలుస్తుంది. ఉద్యోగి పీఎఫ్ వాటా, కంపెనీ పీఎఫ్ వాటా రెండూ అందులోంచే తీస్తారు. 15 వేల పరిమితి మీద లెక్కేసినా ఒక్కో వాటా 1,800 రూపాయలు. ఏళ్ల తరబడి పనిచేస్తే తప్ప రాని గ్రాట్యుటీనీ మొదటి నెల నుంచే ప్యాకేజీలో కలిపి చూపిస్తారు. ఆరోగ్య బీమా ప్రీమియం, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే, 200 రూపాయల వృత్తి పన్ను పోగా బ్యాంకు ఖాతాలో పడేది 22 నుంచి 25 వేలు. ఆదాయపు పన్ను 12 లక్షల దాకా లేదని 2025 బడ్జెట్లో కేంద్రం ప్రకటిస్తే మధ్యతరగతికి పెద్ద ఊరట అన్నారు. ఈ పిల్లలకు దానివల్ల ఒక్క రూపాయి కలిసిరాలేదు. అంతకు ముందు కూడా వీళ్లు కట్టాల్సిన పన్ను ఏమీ లేదు.

ఇక ఖర్చు చూడండి. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ సందుల్లోని హాస్టళ్లలో ఫోర్ షేరింగ్ గదిలో ఒక మంచానికి భోజనంతో కలిపి ఏడెనిమిది వేలు అవుతుంది. టూ షేరింగ్ అయితే పది పన్నెండు వేలు. ఫోర్ షేరింగ్ అంటే రెండు గోడల వెంట నాలుగు మంచాలు, మధ్యలో ఒకరు చెప్పులేసుకుంటుంటే మరొకరు ఆగి నిలబడాల్సినంత దారి, తలా ఒక అర. తాళం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. నైట్ షిఫ్ట్ ముగించి పొద్దున్నే వచ్చి ఒకరు కళ్లు మూసుకునే వేళకు పక్క మంచంవాళ్ల అలారం మోగుతుంది. చేరేటప్పుడు కట్టిన అడ్వాన్సులో ఖాళీ చేసే రోజున ‘మెయింటెనెన్స్’ పేరుతో వెయ్యో రెండు వేలో కోత పడుతుంది. నెల ముందు చెప్పకపోతే మొత్తం పోయినట్టే. చాలాచోట్ల రసీదూ ఉండదు, ఒప్పంద పత్రమూ ఉండదు. వాట్సాప్‌లో వచ్చే క్యూఆర్ కోడ్ తప్ప అక్కడ ఉంటున్నట్టు చూపడానికి ఆ పిల్లలకు ఇంకే ఆధారం లేదు. పోనీ నలుగురు కలిసి ఇల్లు తీసుకుందామంటే టులెట్ బోర్డు కిందే ‘ఫ్యామిలీస్ ఓన్లీ’ అని రాసి ఉంటుంది.

చట్టం ఆదుకుంటుందా అంటే అదీ లేదు. మనకున్న 1960 నాటి అద్దెల నియంత్రణ చట్టం, 2005 సవరణ ప్రకారం, నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు వర్తించదు. ఇవాళ ఆ డబ్బుకు నలుగురి గదిలో సగం మంచం వస్తుంది. అంటే ఈ నగరానికి వచ్చే కొత్త ఉద్యోగుల్లో దాదాపు ఎవరికీ ఆ చట్టం రక్షణ లేదు. ఇంటి అద్దె అడ్వాన్సు రెండు నెలలకు మించరాదని కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం చెబుతోంది. ఆ హద్దు హాస్టల్ మంచం దాకా రావాలి. హాస్టళ్లన్నీ నమోదు కావాలి. రసీదు, అడ్వాన్సు వాపసుకు గడువు, గదికి ఎందరన్న లెక్క, అగ్నిమాపక తనిఖీ తప్పనిసరి చేయాలి. హాస్టల్ బస మీద జీఎస్టీ వివాదం రేగినప్పుడు నెలకు 20 వేల లోపు అద్దె కట్టి 90 రోజులకు తగ్గకుండా ఉండేవారికి 2024 జూన్‌లో జీఎస్టీ మండలి మినహాయింపు ఇచ్చింది. ప్రభుత్వాలు తలచుకుంటే హాస్టల్ మంచం వాళ్ల కంటికి ఆనుతుందనడానికి అదే రుజువు.

అద్దె తగ్గుతుందని దిల్‌సుఖ్‌నగర్‌లోనో ఉప్పల్‌లోనో ఉంటే ఆదా అయ్యేది తక్కువే. మెట్రో గరిష్ఠ చార్జీని 2025 మేలో 60 నుంచి 75 రూపాయలకు పెంచి, తర్వాత పది శాతం తగ్గించారు. రానూపోనూ రోజుకు 140 దాకా, నెలకు మూడు వేలు దానికే పోతుంది. మెట్రో రాయదుర్గంలో ఆగిపోతుంది. ఆఫీసు నానక్‌రామ్‌గూడలో ఉంటే అక్కడి నుంచి షేర్ ఆటో ఎక్కాల్సిందే. ఆడపిల్లలకు సిటీ బస్సు ఉచితం కావడం మేలే. కానీ రాత్రి పదింటికి షిఫ్ట్ దిగే అమ్మాయికి దూరమంటే డబ్బు ఒక్కటే కాదు. భయపడి ఆఫీసు పక్కనే గది తీసుకుంటుంది, దానికి ఎక్కువ కడుతుంది.

వీటికి తోడు ఉద్యోగంలో చేరకముందే మొదలైన అప్పు. ప్రభుత్వాలు ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు చెల్లించకపోతే కాలేజీలు సర్టిఫికెట్లు ఆపేస్తున్నాయి. చేరాలంటే సర్టిఫికెట్ కావాలి. తండ్రి వడ్డీకి తెచ్చి ఫీజు కడతాడు. మొదటి జీతం నుంచే ఆ వడ్డీ తీరాలి. పదిహేనో తేదీ దాటాక ఇంటికి ఫోన్ చేసి ‘నాన్నా, ఒక రెండు వేలు వేస్తావా’ అని అడగడం చాలామంది పిల్లలకు నెలనెలా తప్పని సిగ్గు. పాలు పోసిన డబ్బులోంచో, పత్తి అమ్మిన డబ్బులోంచో ఆ తండ్రి పంపుతున్నది అసలు కంపెనీ ఇవ్వాల్సిన జీతంలో తగ్గిన మొత్తం. డాలర్లలో సంపాదించే కంపెనీ జీతాల ఖర్చు మిగుల్చుకుంటుంటే ఆ లోటును నల్లగొండలో, ఒంగోలులో, శ్రీకాకుళంలో ఒక రైతు ఇల్లు పూడుస్తోంది. ఈ ఏర్పాటులో న్యాయం లేదు.

మొదట్లో ఎవరైనా కష్టపడాల్సిందే, మేమూ అమీర్‌పేట గదుల్లో అలాగే బతికాం అనే పెద్దలున్నారు. వాళ్ల కష్టం నిజమే. అయితే పెద్ద కంపెనీల్లో ఫ్రెషర్ ప్యాకేజీ మూడు, మూడున్నర లక్షల దగ్గర మొదలై పదేళ్లు దాటింది. ఇప్పటికీ దాదాపు అక్కడే ఉంది. ఈలోగా గది అద్దె, గ్యాసు, నూనె, బస్సు టికెట్టు ఏదీ ఆగలేదు. ఇంజినీర్లు కుప్పలుగా ఉన్నారు కాబట్టి మార్కెట్ ధర ఇంతే అనేది మరో వాదన. మార్కెట్టే అన్నీ తేల్చాలనుకుంటే భూమికీ అదే వర్తించాలి కదా. విశాఖపట్నంలో టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 99 పైసలకు ఇచ్చింది. ఉద్యోగాలు రావాలని ఇచ్చామంది. ఉద్యోగాలు రావాల్సిందే, దానికి మాకు అభ్యంతరం లేదు. అయితే భూమి దగ్గర మార్కెట్ ధరను పక్కనపెట్టిన ప్రభుత్వం జీతం దగ్గర, బస దగ్గర మార్కెట్టును అడ్డం పెట్టుకోవడం సరికాదు.

పొరుగున తమిళనాడు ఏం చేసిందో చూడాలి. 2021 డిసెంబరులో శ్రీపెరుంబుదూరు దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీ అమ్మాయిలుండే హాస్టల్లో కలుషిత ఆహారం తిని వందలమంది జబ్బుపడ్డారు. తోటి కార్మికులు హైవే మీద బైఠాయించారు. 2024 ఆగస్టులో ఆ రాష్ట్ర పారిశ్రామిక సంస్థ సిప్‌కాట్ వల్లం వడగాల్‌లో 706.50 కోట్లతో 18,720 మంది మహిళా కార్మికులుండే సముదాయాన్ని కట్టి తెరిచింది. రాయదుర్గం వేలంలో ఆ 7.67 ఎకరాల ధర 1,357 కోట్లు. అందులో సగానికి కాస్త ఎక్కువ పెడితే అంత సముదాయం లేస్తుంది. డబ్బు లేదన్న మాట ఇక్కడ చెల్లదు. సిప్‌కాట్ చేసిన పని టీజీఐఐసీ ఎందుకు చేయకూడదో తెలంగాణ ప్రభుత్వం చెప్పాలి. నానక్‌రామ్‌గూడ, కోకాపేట చుట్టుపక్కల వేలానికి సిద్ధం చేసే ప్రతి భూమిలో కొంత భాగాన్ని అమ్మకుండా పక్కన పెట్టి, కొత్త ఉద్యోగులు అద్దెకుండే హాస్టళ్లు తానే కట్టాలి.

ఐటీ బయట పరిస్థితి మరీ అధ్వానం. కార్పొరేట్ ఆస్పత్రి నర్సు, ప్రైవేటు బడి టీచరు, షాపింగ్ మాల్ సేల్స్‌గర్ల్ ఇదే నగరంలో ఇంకా తక్కువతో నెట్టుకొస్తున్నారు. ఐదేళ్లకు మించకుండా కనీస వేతనాలు సమీక్షించి సవరించాలని 1948 నాటి చట్టంలోనే ఉండేది. తెలంగాణలో 2021లో ఐదు రంగాలకు జీవోలిచ్చి, గెజిట్‌లో ప్రచురించకుండా ఏళ్లతరబడి మూలన పడేశారు. ప్రభుత్వం కట్టే హాస్టల్లో మొదటి హక్కు వీళ్లది కావాలి.

విశాఖలో ఇంకా సమయం ఉంది. రుషికొండ, మధురవాడ అద్దెలు మాదాపూర్ దారి పట్టకముందే మేలుకోవచ్చు. భూమి రాయితీ కోరుతూ ఏ కంపెనీ దరఖాస్తు మంత్రివర్గం ముందుకొచ్చినా ఎన్ని ఉద్యోగాలిస్తారన్న ప్రశ్నతో సరిపెట్టకూడదు. ఫ్రెషర్‌కు చేతికెంత ఇస్తారు, ఆఫర్ లెటర్ మొదటి పేజీలో ఆ అంకె రాస్తారా, వంద మందిని తీసుకుంటే ఎన్ని మంచాలకు చోటు చూపిస్తారు, ఆఫీసుకు ఎన్ని కిలోమీటర్ల లోపు అని అడగాలి. జవాబులు ఒప్పందంలోకి ఎక్కాలి. తప్పితే రాయితీ వెనక్కి తీసుకునే షరతు ఉండాలి. అది లేని ఫైలు మీద సంతకం పెట్టకూడదు.