పెత్రమాస పనుల్లో పసి చేతులు

పెత్రమాస దగ్గర పడిందంటే చిన్నపిల్లలున్న ఇళ్ళలో ఒక ప్రశ్న తప్పదు. "పెద్దలకు బియ్యం ఇస్తున్నారు కదా, మరి నాయనమ్మ వస్తుందా?" అని అడుగుతారు. మనలో చాలామందిమి "ఊరెళ్ళింది" అనో, "నిద్రపోయింది" అనో దాటేస్తాం. మా తోడికోడలి బిడ్డకు అప్పుడు నాలుగేళ్ళు. ఎవరో ఊరెళ్ళిందన్న మాట పట్టుకుని, గేటు ముందు ఆటో ఆగితే చాలు, పరుగెత్తేది. నిద్రపోయిందంటే ఇంకా కష్టం, రాత్రి పడుకోవడానికే జడుసుకుంటారు. "నాయనమ్మ చనిపోయింది, ఇక రాదు. మనం తలుచుకుందాం" అని మెల్లగా ఉన్నమాట చెప్పడమే మేలని నా అభిప్రాయం.

అయితే ఆ వయసుకు మాట ఒక్కటే చాలదమ్మా. చేతికి ఏదన్నా అందాలి, ముక్కుకు వాసన తగలాలి. దానికి బొమ్మలు కొననక్కర్లేదు, ఆ రోజు ఇంట్లో ఉన్నవే బోలెడు.

పొద్దున చాటలో బియ్యం పోసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని గుప్పిళ్ళతో పోయనివ్వండి. కింద పడితే పడనీండి. గుమ్మడికాయ నిమరనివ్వండి. చింతపండు రెబ్బ ఒకటి నాకనివ్వండి (ఇచ్చే చాటలోది కాదు లెండి, వేరేది!). "నాయనమ్మ గింజలు తీసి, ఎండబెట్టి జాడీకెత్తేది" అని ఒక్క ముక్క చెబితే చాలు. మూడేళ్ళలోపు వాళ్ళయితే కళ్ళు తిప్పకండి, గింజలు ముక్కులో దోపుకుంటారు.

సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ. పిల్లకు వేరే చిన్న పళ్ళెంలో గుమ్మడాకు పరిచివ్వండి. గునుగు గరగరలాడుతుంది, బంతి వాసన వేళ్ళకంటుకుని ఓ పట్టాన వదలదు. నాయనమ్మకు ఏ పువ్వు ఇష్టమో ఆ వరస తననే పెట్టమనండి. వంకరగా పేర్చినా సరిచేయకండి.

మా తోడికోడలి బిడ్డ తన పళ్ళెంలో పూలు చెరువు నీళ్ళలో వదిలి, "మళ్ళా వస్తయా?" అంది. "వచ్చే ఏడు వేరే పూలు పూస్తయి. ఇవి రావు" అంది వాళ్ళమ్మ. కాసేపు నీళ్ళకేసి చూసి, "నాయనమ్మ గూడ అంతేనా?" అంది. "అంతే బిడ్డా." ఏడ్చింది, ఏడవనిచ్చాం. ఆ తర్వాత ఆటో చప్పుడుకు గేటు దగ్గరికి పోవడం మానేసింది.

బతుకమ్మ లేని ఊళ్ళవాళ్ళు పెద్దావిడ నూలుచీర ఒకటి ఉతక్కుండా దాచి, అప్పుడప్పుడు పిల్లలకు కప్పండి. ఆ వాసన పిల్లలు ఇట్టే పడతారు.

ఇక నువ్వుల ముద్దలు. 1 కప్పు నువ్వులు సన్నసెగ మీద చిటపటలాడేదాకా మీరే వేయించండి. చల్లారాక ముప్పావు కప్పు బెల్లం తురుము వేసి, చిన్న రోట్లో పిల్లల చేత దంచించండి. నూనె తేలగానే ముద్ద కడుతుంది. యాలకులు వేయకండి, నువ్వుల కమ్మదనం తగ్గిపోతుంది.