తుది విడతకు ఎవరిని ఎన్నుకొనవలెను?

ఉగాది కవితా పోటీకి వచ్చిన రచనలనుండి, సభలో చదువదగిన కొద్దిమందిని ఏరవలసిన పని మన సంఘమునకు వచ్చినది. ఈ సందర్భమున ఒక వివాదము బయలుదేరినది. మన పిల్లలలో కొందరు తెలుగు చక్కగా మాటలాడుదురు గాని వ్రాయనేరరు. మరాఠీ బడులలో చదువుకొన్నవారగుటచే తమ తెలుగు పద్యములను దేవనాగరి లిపిలో వ్రాసి పంపిరి. వీనిని చదువకయే త్రోసివేయవలెనని కొందరు పెద్దల వాదము. చదివి, తూచి, ఆ పిమ్మటనే నిర్ణయింపవలెనని మా అభిప్రాయము.

పెద్దల భయము నిరాధారమైనది కాదు. లిపి పోయిన భాష వేరు తెగిన చెట్టు. మన రాజ్యాంగము 29వ అధికరణమున భాషతోపాటు లిపిని, సంస్కృతిని కూడ కాపాడుకొను హక్కు నిచ్చినది. మాతృభాషలో ప్రాథమిక విద్య గూర్చి 1956లో 350ఎ అధికరణము చేరినది. ఆ సంవత్సరము నవంబరు 1న నాందేడు హైదరాబాదు రాష్ట్రమునుండి విడివడి బొంబాయి రాష్ట్రమున చేరినది. 1960 మే 1న మహారాష్ట్రలోనిదైనది. గోదావరి మాత్రము నేటికిని మన యూరి మీదుగనే బాసరకు పోవుచున్నది. పిల్లలకు లిపి నేర్పవలసిన భారము పెద్దలది. పెద్దలు తీర్పని బాకీకి పిల్లలనుండి వడ్డీ వసూలు చేయుట ఏ వర్తక ధర్మము?

నిజాము రాజ్యమున తెలుగు కవులు లేరని ఒకరు వ్రాయగా, సురవరము ప్రతాపరెడ్డిగారు కోపముతో ఊరకుండలేదు. 354 మంది కవుల రచనలను కూర్చి 1934లో గోలకొండ కవుల సంచికను వెలువరించిరి. నాందేడులో తెలుగెక్కడిదని నేడు మనలను అడుగువారికిని అట్టి సమాధానమే తగును. కావున వచ్చిన ప్రతి రచనను తెలుగు లిపిలో ఒక వ్రాతప్రతిగా కూర్చి సంఘమున భద్రపరుపవలెను. తుది విడతకు రానివాని పద్యము కూడ చెత్తబుట్టకు పోరాదు.

ఇక తుది ఎన్నిక మాట. దేవనాగరిలో వ్రాసిన పద్యమును కాగితము చూచి తూచుటకు వీలులేదు. మరాఠీ వ్రాతలో ఎ, ఏలకు, ఒ, ఓలకు భేదము లేదు. మన భాష పేరునే ఆ లిపిలో వ్రాసి చూడుడు. మూడు లఘువులు గల 'తెలుగు' నగణము. 'తేలుగు' అని చదివినచో భగణమగును. పిల్లవాడు గణము తప్పెనో, లిపి తప్పించెనో ఎట్లు తెలియును? కావున తెలుగు వ్రాయగలవారొకరు ఆ బాలుని నోట పద్యము విని, ఒక్క మాటయు దిద్దక, తెలుగున ఎక్కింపవలెను. పిమ్మట దానిని తక్కినవానితో కలిపి, పేర్లు తీసివేసి, అంకెలు మాత్రము వేసి పరీక్షకుల కీయవలెను.

పరీక్షకులు ముగ్గురుండవలెను. అందొకరు మన యూరివారు కాకుండుట మేలు. తమ యింటి పిల్లలు పోటీలోనున్న వారు ఆ యేటికి తప్పుకొనవలెను. త్రాసు పట్టినవాని వ్రేలు పళ్లెమును తాకరాదని అంగడి వీథిలో ఎల్లరకు తెలియును. ఆటవెలదికి ప్రాస నియమము లేదని తెలిసినవారే ఆటవెలదిని పరీక్షింపవలెను. వచన కవితను పద్యముతో ఒకే పళ్లెమున వేయరాదు. మరాఠీ పలుకు ఒకటి దొరలినంతనే మార్కులు తగ్గింపరాదు. అది భావమునకు అతికినదా లేదా అనునదే చూడదగినది. మరాఠా ప్రభువైన తంజావూరి శాహజీ తెలుగున పల్లకీ సేవా ప్రబంధమును రచించెను. ఆయన తెలుగును ఆదరించిన జాతి, తన బిడ్డల తెలుగును వాకిట నిలుపవచ్చునా?

ఇందొక నియమము మాత్రము విధింపదగును. దేవనాగరిలో వ్రాసి తుది విడతకు వచ్చినవారు ఉగాది సభనాటికి తమ పద్యమును తెలుగు లిపిలో స్వహస్తముతో వ్రాసి తేవలెను. ఒక పద్యమునకు కావలసిన అక్షరములు నేర్చినవాడు తక్కినవానిని విడిచిపెట్టడు. నేర్పుటకు ప్రతి యింటను ఒక పెద్ద దిక్కు ముందుకు రావలెను. వాదమునకు వెచ్చించు సాయంకాలములను పలకకు వెచ్చింతము.