డిస్క్ చావలేదు భాయ్, డ్రైవర్ లేదు

పుంగనూరులో ఉన్న మా ఆపా కూతురి ల్యాప్‌టాప్ పోయిన నెల మొరాయించింది. మదనపల్లెలో ఒక దుకాణంలో ఇచ్చింది. గంటలో ఫోన్ వచ్చింది: "విండోస్ వేద్దామంటే డిస్కే కనపడటం లేదు మేడమ్. చచ్చిపోయింది. కొత్తది వేయాలి, లోపలున్నవి మర్చిపోండి."

లోపలున్నవి బీఎడ్ రికార్డులు, ఇంతకాల్ అయిన మా బావ తస్వీర్లు. "మామూ, అబ్బా ఫోటోలు ఇంకెక్కడా లేవు" అని పిల్ల ఒకటే ఏడుపు.

కుప్పంలో తెలిసిన కుర్రాడి దగ్గరికి తీసుకెళ్లాం. అతను ఇంకో పెన్‌డ్రైవ్ గుచ్చి, 'లోడ్ డ్రైవర్' నొక్కి, ఒక ఫోల్డర్ చూపించాడు. డిస్క్ ప్రత్యక్షం! బిట్‌లాకర్ తాళం లేదు కాబట్టి ముందు ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లోకి తీశాడు. ఆ తర్వాతే విండోస్ వేశాడు.

అసలు సంగతి ఇది. ఇంటెల్ 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కీ సిస్టమ్‌కీ మధ్య వీఎండీ అనే ఏర్పాటు ఉంటోంది. దాని జుబాన్ తెలిసిన తర్జుమాన్ లాంటిది డ్రైవర్. విండోస్ ఇన్‌స్టాల్ చేసే పెన్‌డ్రైవ్‌లో ఆ డ్రైవర్ లేకపోతే, డిస్క్ నిక్షేపంలా ఉన్నా "డ్రైవ్‌లేవీ దొరకలేదు" అంటుంది. ఇది కొత్త ముసీబత్ కాదు. ఎక్స్‌పీ రోజుల్లో సాటా డిస్క్‌లకూ ఇదే గతి. ఎఫ్6 నొక్కి ఫ్లాపీ పెట్టేవాళ్లు, లేదా ఎన్‌లైట్‌తో డ్రైవర్ కలిపి కొత్త సీడీ రాసుకునేవాళ్లు.

ఇప్పటి ఇలాజ్ ఇంకా ఆసాన్. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్‌లో ఆ మోడల్ పేరుతో ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్ దింపుకుని, విప్పి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే చాలు. రోజూ ఇదే పని చేసే దుకాణదారు డిస్మ్ కమాండ్‌తో బూట్.విమ్, ఇన్‌స్టాల్.విమ్ రెండింటిలోనూ ఒక్కసారి కలిపి పెట్టుకోవచ్చు. బయోస్‌లో వీఎండీ ఆపేసినా డిస్క్ కనపడొచ్చు గానీ, అప్పటికే ఉన్న విండోస్ నీలి తెర వేసి ఆగిపోవచ్చు. తెలియకుండా చేయొద్దు.

మదనపల్లె కుర్రాణ్ణి నేను బేఈమాన్ అనను. మన గల్లీల పిల్లలు చాలామంది ఇలాగే, ఉస్తాద్ లేకుండా వీడియోలు చూసి హునర్ నేర్చుకున్నవాళ్లే. మెహనత్‌కు లోటు లేదు. కానీ తెలియనిచోట "నాకు అర్థం కాలేదు" అనడం వేరు, "చచ్చిపోయింది" అని ఫైసలా ఇచ్చేయడం వేరు. మొదటి మాటలో ఇజ్జత్ ఏమీ పోదు. రెండో మాటతో ఒక ఇంటి యాదులన్నీ పోతాయి.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయింది. కొత్త విండోస్ వేయించుకోవడానికి దుకాణాలకు వెళ్లేవాళ్లు మన ఇళ్లలోనూ ఉంటారు. వెళ్లే ముందు ఫైళ్లు ఇంకోచోట కాపీ పెట్టుకోండి. డిస్క్ కనపడలేదంటే, "స్టోరేజ్ డ్రైవర్ లోడ్ చేసి చూశారా బేటా?" అని అడగండి. బయోస్‌లో డిస్క్ పేరు కనపడుతోందా అని కూడా అడగండి. అక్కడ కనపడితే ఉమ్మీద్ వదలొద్దు. ఈ రెండూ తేలేదాకా ఫార్మాట్‌కు ఒప్పుకోవద్దు.

దుకాణాలు నడిపే తమ్ముళ్లకు ఒక్క మాట. మీ బల్ల మీద పెట్టిన ల్యాప్‌టాప్ సామాన్ కాదు, అమానత్. అమానత్‌ను హక్‌దారుకు చేర్చమనే మన దీన్ చెప్తుంది. పది నిమిషాల తలాష్ లేకుండా దాన్ని మట్టిలో కలపకండి.