పూడ్చి మళ్లీ తెరిచిన కన్నం

2016 అక్టోబరులో లినక్స్ కెర్నల్‌లోని ఓ లోపాన్ని సరిచేస్తూ లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఒక ఒప్పుకోలు రాశారు. ఇది పాత బగ్గేనని, పదకొండేళ్ల కిందట తానే సరిచేయబోయి సరిగా చేయలేకపోయానని. 2005 ఆగస్టు నాటి ఆ ప్యాచ్ ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ ఎస్390 మీద ఇబ్బంది పెట్టడంతో తీసేశారు. అప్పటికది కాగితం మీది ప్రమాదమే. 2007లో వచ్చిన కెర్నల్ 2.6.22 వెర్షన్ నుంచి నిజమైన ప్రమాదంగా మారింది. ఎస్390 చిక్కు తర్వాత తీరిపోయినా, తీసేసిన ప్యాచ్ సంగతి ఎవరికీ పట్టలేదు. నా దృష్టిలో అసలు తప్పు అక్కడుంది.

దాని పేరు డర్టీ కౌ. గోవుకేమీ సంబంధం లేదు. 'కాపీ ఆన్ రైట్' అన్న ఇంగ్లిష్ మాటల్లోని మొదటి అక్షరాలే 'కౌ'. మండల ఆఫీసులో రిజిస్టరు ఉందనుకోండి. ఎవరైనా చూడొచ్చు, రాస్తామంటే మాత్రం గుమస్తా జిరాక్స్ తీసిస్తాడు, దాని మీద రాసుకోవాలి. జిరాక్స్ తీసి బల్ల మీద పెట్టాక, 'నకలు ఇచ్చేశాంగా, ఇక అనుమతి చూడక్కర్లేదు' అనుకుంటాడు. సరిగ్గా అప్పుడే మరొకడు ఆ జిరాక్స్ లాగి చెత్తబుట్టలో పడేస్తాడు. గుమస్తా చేతికి తగిలేది అసలు రిజిస్టరు. కలం దాని మీదే పడుతుంది. కంప్యూటర్లో ఒకే ప్రోగ్రాంలోని రెండు థ్రెడ్లు ఈ నాటకం వేలసార్లు ఆడతాయి. ఒక్కసారి కుదిరితే చాలు, చదవడానికి మాత్రమే హక్కున్న మామూలు యూజర్ సిస్టమ్ ఫైలును తిరగరాసి సర్వాధికారాలున్న 'రూట్' యూజర్ అయిపోతాడు.

2016 ప్యాచ్ రాకముందే దొంగలు దీన్ని వాడేస్తూ ఉన్నారు. ఫిల్ ఓస్టర్ అనే డెవలపర్ తన సర్వర్‌కు వచ్చే వెబ్ ట్రాఫిక్‌నంతా దాచిపెట్టుకునేవారు కనుక దాడి కోడ్ అందులో దొరికింది. మామూలు లాగ్ ఫైళ్లలో దీని జాడే ఉండదు. ఆ అలవాటే లేకపోతే ఇంకెన్నాళ్లు సాగేదో!

2016లో వేసిన ప్యాచ్‌లోనూ చిన్న సందు మిగిలింది. పెద్ద మెమొరీ పేజీల దగ్గర బయటపడిన ఆ లోపాన్ని 2017 నవంబరులో 'హ్యూజ్ డర్టీ కౌ' అన్నారు.

సర్వర్ల కథ త్వరగానే ముగిసింది. ఫోన్ల కథ వేరు. ఆండ్రాయిడ్ కింద నడిచేదీ లినక్స్ కెర్నలే. గూగుల్ 2016 డిసెంబరు భద్రతా నవీకరణలో ప్యాచ్ చేర్చింది. కానీ అది చిప్ కంపెనీ, ఫోన్ కంపెనీల చేతులు దాటి మన జేబులోకి రావాలి. ఏ ఒక్క చోట ఆగినా అంతే సంగతులు. 2017 సెప్టెంబరులో ట్రెండ్ మైక్రో సంస్థ 'జెడ్‌నియు' అనే మాల్‌వేర్‌ను బయటపెట్టింది. అది ఆండ్రాయిడ్ ఫోన్లలో రూట్ హక్కులు చేజిక్కించుకున్నది ఈ కన్నం గుండానే. బాధితుల్లో ఎక్కువమంది చైనా, భారత్ వాళ్లు. అప్పటికి ప్యాచ్ వచ్చి తొమ్మిది నెలలు.