గొంగళియు కోకయు

సీతాకోకచిలుక జీవితమున దశలెన్ని అని తరగతిలో అడిగినచో, వెనుక వరుసలోని బాలుడు గూడ తడుముకొనక చెప్పును: గ్రుడ్డు, గొంగళిపురుగు, ప్యూపా, సీతాకోకచిలుక. నాలుగు బొమ్మలు, వాని నడుమ నాలుగు బాణపు గుర్తులు, నాలుగు మార్కులు. ఆ బాలుడే సాయంకాలము ఇంటికి పోయి, పెరటి నిమ్మచెట్టుపై పురుగును చూచి, ఛీ యని చెప్పుతో నలుపును. ఉదయము తాను చెప్పిన సమాధానమునకును, సాయంకాలము తాను చంపిన ప్రాణికిని సంబంధము కలదని వానికి తోచదు. ఇది బాలుని తప్పు కాదు. బొమ్మను చూపి ప్రాణిని చూపని చదువుది ఆ తప్పు.

తెలుగువారు ఈ ప్రాణికి రెండు వస్త్రములు కట్టబెట్టినారు. పసితనమున గొంగళి, ఎదిగిన పిదప సీతమ్మ కోక. గొంగళి కప్పుకొన్నదానిని చూచి రోయుదుము. కోక కట్టినదానిని చూచి మురియుదుము. రెండును ఒక్క ప్రాణియే యని కంటితో కనుగొన్నవారు మాత్రము అరుదు. కనుగొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. నాలుగు వెదురుపుల్లలు, కొంత దోమతెర గుడ్డ, ఒక నిమ్మరెమ్మ చాలును.

ఈ పని క్రొత్తది కాదు. 1647లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున జన్మించిన మరియా సిబిల్లా మెరియన్, చిన్ననాటనే పట్టుపురుగులను పెంచి పరిశీలించినది. కీటకములు బురదనుండియు కుళ్ళునుండియు తమంత పుట్టునని పండితులు సైతము పలువురు నమ్మిన కాలమది. ఆమె పురుగులను ఇంట పెంచి, ఏ పురుగు ఏ ఆకు తినునో, ఎప్పుడు ఏ రూపు దాల్చునో కనిపెట్టి, 1679లో చిత్రసహితముగ గ్రంథము ప్రచురించినది. ఆ చిత్రములలో పురుగు తన మేతమొక్కతో గూడ కనిపించును. కొన్ని ప్యూపాలనుండి సీతాకోకచిలుకకు బదులు ఈగలు వెలువడిన సంగతిని గూడ ఆమె దాచలేదు.

నిమ్మ, నారింజ, కరివేప చెట్లపై పెరుగు పురుగు మన యూళ్ళలో సులభముగ దొరకును. లేతప్రాయమున అది పిట్టరెట్టవలె మచ్చలతో నుండి పక్షులను ఏమార్చును. పెరిగిన పిదప పచ్చనై ఆకులలో కలసిపోవును. తాకినచో తలవెనుకనుండి రెండు పాయల కొమ్మువంటి అవయవమును చాచి ఘాటైన వాసన విడుచును. పలుమార్లు కుబుసము విడిచి, తుదకు ఒక పుల్లను పట్టి, నడుమునకు పట్టుదారము చుట్టుకొని ప్యూపాగా మారును. వెచ్చని దినములలో గ్రుడ్డునుండి రెక్కల వరకు ఇంచుమించు ఒక నెల. నాలుగు బొమ్మలలో ఈ నెల ఇమడదు.

మూతబెట్టిన గాజుసీసాలో చెమ్మ చేరి పురుగు చెడును. దోమతెరలో గాలి యాడును. పైగా వెలువడిన సీతాకోకచిలుక ఆ తెరను పట్టి వ్రేలాడినగాని దాని తడి రెక్కలు చక్కగ విచ్చుకొనవు. రెమ్మనుంచిన నీటిసీసా మూతికి దూది క్రుక్కవలెను. లేనిచో పురుగు నీట మునుగును. అంగడి కరివేపాకుపై మందు ఉండవచ్చును గనుక ఇంటి చెట్టు ఆకే మేలు. పెంటికలను ప్రతిదినము తీసివేయవలెను. రెండు మూడు పురుగులు చాలును. క్రిక్కిరిసినచోట రోగము ప్రబలును. ఒంటినిండ వెండ్రుకలున్న పురుగులను మాత్రము పిల్లలచేత తాకింపరాదు. కొన్నిటి నూగు దురద పుట్టించును.

నిమ్మనారు పెంచు రైతుకు ఈ పురుగు శత్రువే. ఆ నష్టము కాదనరాదు. ఎదిగిన పెరటిచెట్టునకు గుప్పెడు ఆకులు లెక్క కావు.

ఇంతయు చేసినను కొన్ని చచ్చును. ఒక్కొక్కప్పుడు ప్యూపాకు చిల్లి పడి, కందిరీగల జాతికి చెందిన చిట్టి కీటకములు గుంపుగ వెలువడును. పసిహృదయములను ఏల నొప్పింపవలెనని కొందరు ఉపాధ్యాయులు వెనుదీయుదురు. ఆ సంకోచము దయనుండి పుట్టినదే. అయినను దానికి లోబడుట పొరపాటు. చావును దాచి చెప్పిన ప్రకృతి పాఠము కట్టుకథయగును. ఆ చిట్టి కీటకములకును ఆకలి కలదు. పుట్టిన పురుగులన్నియు బ్రతికినచో నిమ్మచెట్టున ఆకు మిగులదు. ఈ మాట ఉపాధ్యాయుడు ముందుగ చెప్పనక్కరలేదు. చిల్లిపడిన ప్యూపాను చేతబట్టిన బాలుడే అడుగును. ఆ ప్రశ్నకొరకే యీ శ్రమ.

రెక్కలారిన సీతాకోకచిలుకను, సూదితో గ్రుచ్చి పెట్టెలో నుంచక, పురుగు దొరకిన పెరటనే విడువవలెను. తెర తీయుట పిల్లల వంతు. మరునాడు అదే చెట్టుపై మరియొక పురుగు కనబడినప్పుడు, బాలుని చెప్పు ఎత్తినది ఎత్తినట్లే ఆగినచో, వానికి పాఠము వచ్చినట్లే. మార్కులు ఆ తరువాతి మాట.